గల్లాపెట్టెలో దొరికిన చిల్లర: ఏది టంకశాల తప్పు, ఏది తర్వాత తగిలిన దెబ్బ?

ముమ్మిడివరంలో మీ తాతగారి కిరాణా కొట్టు గల్లాపెట్టె అడుగున దొరికిన చిల్లరలోంచి ఆరు నాణేలు ఏరి ఫొటోలు పంపారు. వీటిలో టంకశాలలో తప్పు పడినవి ఏవి, వాడకంలో పాడైనవి ఏవి, వీటిని కొంటానని మీకు ఫోన్ చేసినాయన అన్నట్టు లక్షలు పలుకుతాయా అని అడిగారు. ముందు ఆఖరి ప్రశ్నకి జవాబు చెప్పేస్తాను. పలకవండి. ఆరింటిలో రెండు ఖాయంగా టంకశాల తప్పులు, ఒకదాన్ని ఇంకా పరీక్షించాలి, మిగిలిన మూడూ కావు. ఎందుకో వివరంగా రాస్తాను, ఎందుకంటే ఆ పెట్టెలో ఇంకా శేరున్నర చిల్లర ఉందన్నారు. దాన్ని మీరే పరీక్షించుకోవాలి.

నాణెం మీద వింత ఏది కనబడినా ధర గురించి కాక కారణం గురించి ఆలోచించండి. ఆ గుర్తు బిళ్ళ (ఇంకా బొమ్మ పడని ఉత్త లోహపు ముక్క) కోసేటప్పుడు వచ్చిందా, డైలో (బొమ్మ గుద్దే ఉక్కు అచ్చులో) ఉన్న లోపం వల్ల వచ్చిందా, అచ్చు పడే క్షణంలో వచ్చిందా, లేక టంకశాల గేటు దాటి బయటికొచ్చాక వచ్చిందా? మొదటి మూడూ సాధారణంగా తప్పులు. నాలుగోది దెబ్బ. ఎలా జరిగి ఉంటుందో వరసగా చెప్పలేకపోతే ఆ నాణేన్ని తప్పు నాణెం అనకండి.

టంకశాలలో జరిగే పని ఇదీ. లోహపు రేకు సాగదీసి, పంచ్ అనే కోత పనిముట్టుతో బిళ్ళలు కొడతారు. గుండ్రటి బిళ్ళల్ని దొర్లించి అంచు కాస్త పైకి లేపుతారు. కాల్చి మెత్తబరుస్తారు. తర్వాత కింద ఒక డై, పైన ఒక డై, చుట్టూ కాలర్ అనే ఉక్కు కట్టు. మధ్యలో బిళ్ళ పడగానే పై డై వచ్చి గుద్దుతుంది. బొమ్మా, బొరుసూ, పక్క అంచూ ఒక్క దెబ్బకే పడతాయి. డైలో గుంట ఉన్నచోట నాణెం మీద ఉబ్బెత్తు వస్తుంది. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే సగం సందేహాలు తీరిపోతాయి.

మీ 1957 నయా పైసా చూడండి. అంచు నుంచి మొదలై '1' అంకెని దాటుకుంటూ సన్నటి గీత పోయింది. మీరు దాన్ని గీరుడు అనుకున్నారు. పక్క వెలుతురులో తీసిన రెండో ఫొటోలో నీడ ఏ వైపు పడిందో చూస్తే గీత పైకి ఉబ్బి ఉందని తెలుస్తోంది. గీరితే లోహం లోపలికి తెగుతుంది, పైకి లేవదు. గట్టిపరిచిన ఉక్కు డై వేల దెబ్బలు తిని తిని బీటవారుతుంది. ఆ బీటలోకి లోహం జొరబడి నాణెం మీద గట్టులా నిలబడుతుంది. అదే డై పగులు. సాధారణంగా అంచు దగ్గరో, అక్షరం కొసలోనో పుట్టి, మెలికలు తిరుగుతూ బలహీనమైన చోటు వెతుక్కుంటూ పోతుంది. మీ గీత సరిగ్గా అలాగే ఉంది. నిఖార్సైన డై పగులు.

కానీ డై పగులు అరుదైనదేం కాదు. చిన్న నాణేలు అంతులేనన్ని కొట్టాలి, అరిగిన డైని చివరిదాకా వాడతారు. అందుకే నయాపైసల్లోనూ, తర్వాతి అల్యూమినియం పైసల్లోనూ పగుళ్ళు తరచుగా తగులుతాయి. డబ్బు పరంగా పెద్దగా కలిసొచ్చేది ఉండదు. అయినా నాకు అన్నిటికంటే ఇష్టమైన తప్పు ఇదే, ఎందుకంటే దీనికి చరిత్ర ఉంటుంది. మీ పెట్టెలో 1957వి ఇంకా చాలా ఉన్నాయన్నారు కదా, అన్నీ బయటికి తీసి అదే చోట అదే గీత ఉన్నవేమైనా ఉన్నాయేమో చూడండి. దొరికితే అవి ఒకే డై పిల్లలు. ఒకదాంట్లో పగులు చిన్నగా ఉంటుంది, ఇంకోదాంట్లో కాస్త పెరిగి ఉంటుంది, మరోదాంట్లో అంచుకు చేరి ముక్క ఊడిపోయి అక్షరాలు లేని ముద్ద కనబడుతుంది. ఆ ముద్దని కలెక్టర్లు 'కడ్' అంటారు. కడ్ నిజమైనదైతే నాణెం రెండో వైపు సరిగ్గా దాని వెనక చోటు కూడా నీరసంగా పడి ఉంటుంది, ఎందుకంటే అక్కడ లోహం ఊడిన గుంటలోకి పోయింది. ఒక డై పుట్టుక నుంచి చావు దాకా వరసగా పేర్చిన నాలుగైదు నయాపైసలు ఎవరైనా చూపిస్తే నేను బంగారు కాసు పక్కన పెట్టి వాటినే చూస్తాను.

రెండోది 1944 చిల్లు కానీ (కానీ అంటే పాతకాలపు పావు అణా). ఇది నిజంగా మంచి నాణెం అండి. యుద్ధకాలంలో లోహం పొదుపు కోసం 1943 నుంచి 1947 దాకా మధ్యలో చిల్లుతో కంచు కానీలు కొట్టారు. చిల్లు ఉండటం తప్పు కాదు, అది డిజైనే. ఈ సంగతి తెలియక చిల్లు కానీని తప్పు నాణెంగా అమ్మజూపేవాళ్ళు చాలామంది ఉన్నారు. కిరీటం ఆకారంలో తేడాలు కూడా తప్పులు కావు, వేరువేరు డిజైన్లు. మీ దాంట్లో విశేషం చిల్లు పక్కకి జరగడం.

ఇక్కడ రెండు రకాలుగా ఆలోచించాలి. చిల్లు బిళ్ళకి ముందే పడుతుంది. దాని చుట్టూ కనబడే ఉబ్బెత్తు వలయం మాత్రం డైలో ఉంటుంది. వలయమూ కిరీటమూ అక్షరాలూ కలిసికట్టుగా ఒక వైపు జరిగి, చిల్లు మాత్రం బిళ్ళ నడిమధ్యనే ఉంటే బిళ్ళ డైల మధ్య సరిగా కూర్చోలేదని అర్థం. అది ఆఫ్ సెంటర్ ముద్ర. అలా కాక అక్షరాలూ వలయమూ బిళ్ళకి సరిగ్గా మధ్యలో ఉండి, చిల్లు ఒక్కటే వలయాన్ని కొరికేస్తూ పక్కకి పోతే, పంచ్ తప్పిందన్నమాట. మీది రెండో రకం. చిల్లు అంచు నున్నగా ఉంది, వలయం తెగినచోట లోహం చిల్లు వైపుకి ఒరిగింది, అంటే చిల్లు పడ్డాకే అచ్చు పడింది. తర్వాత ఎవరైనా డ్రిల్లుతో పెద్దది చేసి ఉంటే ఆ గోడ మీద తిరుగుడు గీతలూ, పైన చేతికి గుచ్చుకునే పదునూ ఉండేవి. అసలు చిల్లే లేని కానీ ఎవరైనా చూపిస్తే మాత్రం జాగ్రత్త. చిల్లులో రాగి ముక్క దిగగొట్టి సానబట్టినవి ఉంటాయి. భూతద్దంలో అతుకు గీత గుండ్రంగా కనబడుతుంది, రంగులోనూ తేడా ఉంటుంది.

మూడోది 1975 నలుపలకల అయిదు పైసలు, ఒక మూల తెగిపోయి ఉంది. దీన్నే పరీక్షించాలన్నాను. చపాతీ పిండి పరిచి గిన్నె మూతతో బిళ్ళలు కోస్తున్నప్పుడు మూత పాత కోత మీదికి కాస్త జరిగితే తర్వాతి బిళ్ళకి ఒక పక్క కొరికినట్టు లోటు వస్తుంది చూశారా, టంకశాల రేకులోనూ అంతే. గుండ్రటి నాణేనికి ఆ కొరుకుడు నెలవంకలా వస్తుంది. చదరపు నాణేనికి తిన్నగానో, మూల తిరిగిన గంటులానో వస్తుంది. పువ్వు రేకుల అంచున్న పది పైసలకి అలలా వస్తుంది. తెగిన గీత ఆకారం పంచ్ ఆకారంతో సరిపోవాలి. ఇది మొదటి పరీక్ష.

రెండో పరీక్ష, తెగిన గీత దగ్గర అక్షరాలు ఎలా ఉన్నాయి? బిళ్ళ ముందే తక్కువగా ఉండి తర్వాత అచ్చు పడితే లోహం ఖాళీ వైపుకి పారుతుంది. అక్కడ అక్షరాలు సాగి, పలచబడి, మసకగా ఉంటాయి. అచ్చు పడ్డాక కత్తెరతో కోస్తే అక్షరం కోత గీత దాకా గట్టిగా ఉండి ఠక్కున తెగిపోతుంది. అల్యూమినియం మెత్తటిది, కొబ్బరి డొక్కలు కోసే కత్తికి కూడా లొంగుతుంది. పిల్లలు ఆడుకుంటూ కోసినవీ, రేకు పనివాళ్ళు రివిట్ వాషరు కోసం కోసుకున్నవీ మన వైపు బోలెడు. గుండ్రటి నాణేలకైతే ఇంకో మంచి పరీక్ష ఉంది. కొరుకుడుకి సరిగ్గా ఎదురు వైపు అంచు కూడా నీరసంగా ఉంటుంది, ఎందుకంటే బిళ్ళ దొర్లేటప్పుడు లోటు ఉన్నచోట ఒత్తిడి అందదు. చదరపు బిళ్ళ దొర్లదు కాబట్టి మీ అయిదు పైసలకి ఈ పరీక్ష పెట్టుకోకండి. ఫొటోలో కోత గీత మీద వెలుతురు పడి మెరిసిపోయింది, అక్షరాలు కనబడటం లేదు. అందుకే తీర్పు చెప్పడం లేదు.

నాలుగోది పది పైసలు. మూడు సింహాల బొమ్మ మీద తిరగేసిన '5' అంకె లోతుగా దిగి ఉంది. దీన్నే ఆ ఫోన్ చేసినాయన బ్రోకేజ్ అన్నాడు. బ్రోకేజ్ అంటే, ముందు కొట్టిన నాణెం డైకి అతుక్కుపోయి కిందికి పడకపోతే, తర్వాతి బిళ్ళ మీద డైకి బదులు ఆ నాణెమే గుద్దుతుంది. దాంతో ఆ ముఖం తిరగబడి లోతుగా పడుతుంది. అప్పుడు ఆ వైపు ఉండాల్సిన అసలు బొమ్మ ఉండదు, డై ఆ బిళ్ళని తాకనే లేదు కదా. మీ దాంట్లో సింహాలూ ఉన్నాయి, వాటి మీద '5' కూడా ఉంది. అదీగాక పది పైసల ప్రెస్సులో అయిదు పైసల నాణెం ఎందుకుంటుంది? రెండు నాణేలు కలిపి లేతు షాపులో బెంచీ వైసులో బిగించి నొక్కారు. వెనక్కి తిప్పి చూడండి, వైసు పన్ను ఆనిన చోట అంకె నలిగి చదునుగా ఉంటుంది. ఇది మోసానికి చేసిందో, సరదాకి చేసిందో చెప్పలేం కానీ టంకశాల తప్పు మాత్రం కాదు.

అయిదోది 1936 జార్జి రాజు కానీ. అక్షరాలు రెండేసి కనబడుతున్నాయి, డబుల్ డై అనుకున్నారు. అసలైన డబుల్ డై ఎలా వస్తుందంటే, మాతృక అచ్చుతో డైని తయారు చేసేటప్పుడు ఒకటికి రెండుసార్లు నొక్కాల్సి వస్తుంది. రెండోసారి కాస్త తిరిగి పడితే డైలోనే అక్షరం జంటగా చెక్కుకుపోతుంది. ఆ డైతో కొట్టిన ప్రతి నాణేనికీ అదే జంట ఉంటుంది. రెండు అక్షరాలూ సమానమైన ఎత్తులో, గుండ్రంగా, కొసలు చీలి, మొత్తం అక్షరం మామూలు కంటే లావుగా కనబడుతుంది. మీ దాంట్లో రెండో అక్షరం చదునుగా, మెట్టులా, మెరుస్తూ ఉంది. అక్షరం లావెక్కలేదు, పైగా సన్నబడింది. గుద్దిన డై పైకి లేచేటప్పుడు వదులుగా కదిలి, పడ్డ అక్షరం పక్కని చదును చేసింది. టంకశాలలో జరిగిందే అయినా దాన్ని తప్పు నాణేల లెక్కలో వేయరు, అదనపు విలువా కట్టరు. ఇంటర్నెట్టులో డబుల్ డై పేరుతో అమ్మేవాటిలో ఎక్కువ భాగం ఇవే. ఈ మెట్టుకీ ఆ గుండ్రదనానికీ తేడా కంటికి అలవాటు కావాలంటే పది రెట్ల భూతద్దంతో ఓ వంద నాణేలు చూడాలి, వేరే దారి లేదు.

ఆరోది రాముడి పట్టాభిషేకం బొమ్మ, వెనక ఈస్ట్ ఇండియా కంపెనీ పేరు, అర్ధణా, 1818. ఇది నాణెమే కాదండి. కంపెనీ దేవుళ్ళ బొమ్మలతో ఇలాంటి అర్ధణాలు ఎప్పుడూ కొట్టలేదు. ఇవి భక్తుల కోసం తర్వాతి కాలంలో తయారు చేసిన టోకెన్లు. కోనసీమలో పాత ఇల్లు విప్పితే దేవుడి గూట్లో ఒకటైనా దొరుకుతుంది. దేవుడి గూట్లోనే ఉంచండి, గౌరవంగా. కంపెనీ నిజంగా మన ప్రాంతం కోసం కొట్టించిన రాగి నాణెం చూడాలనుంటే ఉత్తర సర్కారుల కోసం 1794లోనూ, 1797లోనూ ఇంగ్లండులో సోహో మింటులో చేయించినవి ఉన్నాయి. రూపాయికి 48 అని దాని మీదే రాసి ఉంటుంది. ఆవిరి యంత్రాలతో కొట్టినవి కాబట్టి ఆ రోజులకి చాలా తీరుగా ఉంటాయి. గోదావరి జిల్లాల పాత ఇళ్ళల్లో అదృష్టం ఉంటే అరిగిపోయినది ఒకటి తగులుతుంది.

ఇక మిగతా చిల్లర పట్టే ముందు మన ప్రాంతం దెబ్బలు నేర్చుకోవాలి. తప్పు నాణేల గురించి రాసేవాళ్ళు ఎక్కువమంది పొడి నేలల వాళ్ళు, వాళ్ళకి ఇవి తెలియవు. రాజమండ్రి దగ్గర రైలు వంతెన ఎక్కగానే గోదారమ్మకి పైసలు వేయడం మనకి అలవాటు. హేవలాక్ వంతెన మీద 1997 దాకా, తర్వాత కొత్త వంతెనల మీద. రేవుల్లో కుర్రాళ్ళు తాడుకి అయస్కాంతం కట్టి వాటిని లాగుతారు. అయస్కాంతానికి పాత నికెల్ పావలాలూ అర్ధరూపాయిలూ, 1988 తర్వాతి స్టీలు బిళ్ళల్లాంటివే అంటుకుంటాయి. కంచు, అల్యూమినియం ఇసుకలోనే ఉండి, తర్వాత ఇసుక తవ్వకాల్లో బయటపడతాయి. ఏళ్ళ తరబడి ఇసుకలో దొర్లిన నయా పైసా అక్షరాలు గుండ్రబడి, అంచు మాయమై, అచ్చం సరిగా అచ్చు పడని నాణెంలా కనబడుతుంది. తేడా ఏమిటంటే నీరసమైన అచ్చులో ఒకచోట లోపం ఉన్నా పక్కనే బిళ్ళ ఒరిజినల్ ఉపరితలం మిగిలి ఉంటుంది. నది అరుగుడు అంతటా ఒకేలా ఉంటుంది, బరువూ తగ్గుతుంది.

అంతర్వేది, సఖినేటిపల్లి వైపు ఉప్పుగాలి అల్యూమినియం పైసల్ని తెల్లటి బూజుతో పొక్కిస్తుంది. ఆ పొక్కులు కూడా ఉబ్బెత్తుగానే ఉంటాయి, డై పెచ్చు (డై ముక్క ఊడినచోట నాణెం మీద వచ్చే ఉబ్బు) అని మోసపోవచ్చు. పొక్కు మీద రంగు మారి ఉంటుంది, కింద గుంట ఉంటుంది. డై పెచ్చు నిగారింపు పక్క లోహంలాగే ఉంటుంది. మొలతాడుకి కట్టడానికి చిల్లు పెట్టినవీ, రైలు పట్టా మీద పెట్టి సాగదీసినవీ, కంసాలి దగ్గర పతకానికి కాడ అతికించి ఊడదీసినవీ మన చిల్లరలో మామూలే. పట్టా మీద సాగిన నాణేన్ని కాలర్ లేకుండా పడిన వెడల్పు ముద్ర అంటూ అమ్ముతారు. కాలర్ లేనిదైతే అక్షరాలు సరైన సైజులోనే ఉండి చుట్టూ ఖాళీ అంచు పెరుగుతుంది. పట్టా మీదదైతే అక్షరాలే సాగిపోతాయి.

చిల్లర పోసుకుని చూసేటప్పుడు మూడు పనులు చేయండి. ప్రతి నాణేన్నీ బొమ్మ నిటారుగా పట్టుకుని పుస్తకం పేజీలా పక్కకి తిప్పండి. మన గణతంత్ర నాణేలు అలా తిప్పితే బొరుసు కూడా నిటారుగానే ఉండాలి. పక్కకో తలకిందులుగానో వస్తే డై తిరిగి బిగించారన్నమాట, అది విడిగా తీయండి. తర్వాత సంవత్సరం కింద గుర్తు చూడండి. బొంబాయిది వజ్రం, హైదరాబాదుది తర్వాతి రోజుల్లో నక్షత్రం, నోయిడాది చుక్క, కలకత్తాకి గుర్తు లేదు. హైదరాబాదు నయాపైసల్లో నిలువునా చీలిన వజ్రం ఉన్నవి ఉన్నాయి, దాన్ని డై పగులు అనుకోవద్దు. గుర్తు కనబడకపోతే వెంటనే కలకత్తా అనీ, లోపం అనీ అనకండి. డై గుంటలో జిడ్డు నిండితే గుర్తు పడదు, దాని ఛాయ భూతద్దంలో తెలుస్తుంది. మూడోది బరువు. నగల త్రాసు కొనుక్కోండి. నయా పైసా 1.5 గ్రాములు, అల్యూమినియం ఒక పైసా 0.75, రెండు పైసలు 1, ఆరు మూలల మూడు పైసలు 1.25. బరువు బాగా తేడా వస్తే వేరే బిళ్ళ మీద అచ్చు పడి ఉండొచ్చు, యాసిడ్‌లో తిని ఉండొచ్చు. రెండోదే ఎక్కువ.

డిజైన్ పొరపాటుకీ ముద్రణ తప్పుకీ ఉన్న తేడా కూడా గుర్తుంచుకోండి. 1911 జార్జి రూపాయి మీద రాజు వస్త్రంలోని ఏనుగు పందిలా ఉందని గొడవై, మరుసటి ఏడాది బొమ్మ మార్చారు. అది అన్ని నాణేలకీ ఉన్న లక్షణం. ఒక నాణేనికో, ఒక డైకో మాత్రమే ఉన్నదాన్నే మనం తప్పు అంటాం.

దయచేసి ఒక్కటి మాత్రం చేయకండి. చింతపండుతోనూ నిమ్మకాయతోనూ తోమకండి. ఇత్తడి చెంబు తోమినట్టు తోమితే పై పొర పోతుంది, సన్నటి పగులు అరుగుతుంది, తర్వాత ఎవరికీ ఏదీ నిరూపించలేం. మట్టి ఉంటే స్వేదన జలంలో రాత్రంతా నానబెట్టి మెత్తటి గుడ్డ మీద ఆరబెట్టండి. రుద్దొద్దు. మన తేమకి మెత్తటి పీవీసీ కవర్లలో పెడితే నాణెం మీద ఆకుపచ్చ జిగురు వస్తుంది, అట్ట ఫ్రేములు వాడండి, డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేయండి.

ఆ ఫోన్ చేసినాయన లక్షలు ఇస్తానని ముందు కమిషనో, పన్నో కట్టమంటాడు. కట్టకండి. రిజర్వు బ్యాంకు పేరు చెప్పి పాత నాణేలు కొంటామనే మోసాల గురించి ఆ బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది. ఆయన పంపిన కాగితం మీద ఏ ముద్ర ఉన్నా సరే.

హైదరాబాదు వెళ్ళే పనుంటే సైఫాబాద్ పాత టంకశాలని 2022లో మ్యూజియంగా తెరిచారు, డైలూ యంత్రాలూ కళ్ళారా చూస్తే పైన రాసినదంతా ఒక్క గంటలో అర్థమవుతుంది. ఈలోగా మీ అయిదు పైసల్ని కిటికీ దగ్గర పెట్టి, వెలుతురు ఒక పక్కనుంచి పడేలా, తెగిన మూలని దగ్గరగా రెండు వైపులా తీయండి. కోసిన గోడని విడిగా ఇంకో ఫొటో. నిండు అయిదు పైసల బరువు 1.5 గ్రాములు, మీదెంతుందో కూడా రాయండి. ఆ నాలుగూ వస్తే దాని సంగతి తేల్చేద్దాం.